అతుకు మీద బోధన్ దాకా

నేను పిరికివాణ్ని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీకూ నాకూ పేచీ ఉండదు. కుక్క మొరిగితే రోడ్డు అవతలికి మారతాను. వెనక లారీ హారన్ కొడితే దిగి నిలబడతాను. సైకిళ్ల షాపు పెట్టి ఇరవై రెండేళ్లయినా నిజామాబాద్ దాటి సైకిలు మీద పోయింది లేదు. అలాంటివాణ్ని, చలికాలం చివర్లో రెండు రోజులు, నవీపేట్ మీదుగా బోధన్ పోయి ఎడపల్లి మీదుగా తిరిగొచ్చాను. అదీ నాది కాని సైకిలు మీద. ఆ సైకిలు మెడ కింద ఒక అతుకు ఉంది. అతుకు వేసింది నేనే. రెండు రోజులూ నన్ను భయపెట్టింది, కుక్కల కంటే, లారీల కంటే, ఆ అతుకే.

కంఠేశ్వర్

నిజామాబాద్‌లో కంఠేశ్వర్ గుడి వెనక సందులో నా షాపు. పేరు భూమేష్, పని పంక్చర్లు, ఇత్తడి వెల్డింగు. సైకిలు రవళిది. ధర్పల్లి దగ్గర పసుపు పండించేవాళ్ల బిడ్డ. డిగ్రీ చదువుతూ ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. బురదలో, గడ్డిలో, గుట్టల మీద సైకిలు తొక్కే పోటీలకు పోతుంది. సైక్లోక్రాస్ అంటారు. దారికి అడ్డంగా చెక్కలు పెడతారట. అక్కడ దిగి, సైకిలును భుజాన వేసుకుని ఉరికి, మళ్లీ ఆ పరుగులోనే ఎక్కాలట. "సైకిలు మనల్ని మోయాలె గాని మనం దాన్ని మోసుడేంది పిల్లా?" అని నేను నవ్వితే, "రెండూ ఉంటయన్నా" అంది.

చూడటానికి అది పందెం సైకిలులాగే ఉంటుంది, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. కానీ టైర్లకు గరుకు పళ్లు ఉంటాయి. మోకాలు చెడిపోయి పోటీలు మానేసిన సీనియర్ ఒకామె రవళికి ఇచ్చేసింది. అది తప్ప వేరే సైకిలు కొనే స్తోమత వాళ్లింట్లో లేదు.

హ్యాండిలు మెడ నుంచి పెడళ్ల దాకా ఏటవాలుగా దిగే పైపు ఉంటుంది కదా, దాని పైకొసన వెంట్రుకంత పగులు వచ్చింది. తీసుకొచ్చి నా ముందు పెట్టి, "వారంల పోటీ ఉన్నదన్నా. నువ్ అతికితే పోత, లేకుంటే లేదు" అంది. ఆ పైపు తొక్కేటప్పుడు విరిగితే మనిషి ముఖం మీదే పడుతుంది. పళ్లతో పోతే అదృష్టమే అనుకోవాలి. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పగులును ఆకురాయితో రుద్ది, వెలిగారం చల్లి, గ్యాస్ మంట పెట్టాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇనుము దానిమ్మ గింజ ఎరుపుకు రాగానే ఇత్తడి కరిగి పట్టుకుంటుంది. అక్కడే మంట తీసేయాలి. అది దాటి సంత్ర పండు రంగుకు, అంటే నారింజకు, పోయిందా, అతుకు పైకి ముచ్చటగానే ఉంటుంది, పక్కనున్న ఇనుము మాత్రం లోపల బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన ఇనుము వంగదు, ఒక్కసారే పుటుక్కుమంటుంది. ఈ పనంతా కళ్లతో చేసేది.

సరిగ్గా అప్పుడే పక్కన చాయ్ అమ్మే సాయిలు ఫోన్ పట్టుకుని వీడియో తీయడానికి వచ్చాడు. "అన్నా, గిటు సూడు. జరంత నవ్వు" అన్నాడు. నేను చూశాను. నల్లద్దాలు నొసటి మీదికి జరిపి మరీ నవ్వాను. సినిమా హీరోననుకున్నాను కాబోలు, నా మొహం మండ! తిరిగి చూసేసరికి పైపు సంత్ర రంగులో ఉంది. మంట తీసేశాను. ఎంతసేపు అలా ఉందో తెలియదు. రెండు సెకన్లా, ఆరా? ఎవరూ గమనించలేదు. చల్లారాక రంగు పూస్తే అతుకు అద్దంలా వచ్చింది. వీడియో సాయిలు ఆ సాయంత్రమే పంపాడు. తెరిచి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

నాకు పని నేర్పింది బోధన్‌లో హమీద్ ఉస్తాద్. ఆయన షాపులో ఒక పద్ధతి ఉండేది. మెడ దగ్గర అతుకు వేస్తే, వేసినవాడే ముందు తొక్కాలి. ఒక పూట కాదు, ఒక ఊరికి పోయి రావాలి. ఆ తర్వాతే బండి మనిషికి ఇవ్వాలి. నేను షాపు పెట్టాక ఆ పద్ధతిని సందు చివరి దాకా ఒక రౌండుకు కుదించేశాను. ఈసారి మాత్రం మనసు ఒప్పలేదు. బోధన్ పోతాను, చెడ్డ దారిలోనే పోతాను, ఉస్తాద్‌కు అతుకు చూపిస్తాను అనుకున్నాను. నేను ఎనభై నాలుగు కిలోలు. ఆ పిల్ల యాభై లోపే. నన్ను మోస్తే ఆమెను మోయదా అని ధైర్యం చెప్పుకున్నాను.

"ఆడోళ్లకు బస్సు ఫిరీ. గా సైకిలు ఫొటో తీసియ్యి, నేనే పోయి మీ ఉస్తాద్‌కు సూపిచ్చుకొస్త" అంది నా భార్య గంగామణి. ఉస్తాద్‌కు కళ్లు కనిపించవని గుర్తు చేస్తే, "నీకు కనిపిస్తయ్ గదా, నువ్వేం సూసినవ్?" అంది. ఆమె ఊరికే అన్న మాటే. నాకు మాత్రం సాయిలు వీడియో గుర్తొచ్చింది. సర్వపిండి నాలుగు ముక్కలు డబ్బాలో పెట్టి సంచిలో వేసి పంపింది.

నవీపేట్ తొవ్వ

పొద్దున మంచు కురుస్తూనే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండ చురుక్కుమనే రోజులే గాని తెల్లవారుజాము చలికి బ్రేకు మీద వేళ్లు కొంకర్లు పోయాయి. ఊరు దాటగానే తారు రోడ్డు వదిలి పొలాల దారి పట్టాను. పట్టిన ఐదు నిమిషాలకే మొదలైంది, 'టిక్'. పెడల్ తొక్కినప్పుడల్లా 'టిక్'. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దిగి అతుకును తడిమాను. ఏమీ లేదు. ఎక్కాను. 'టిక్'. మళ్లీ దిగాను. అలా ఎన్నిసార్లు దిగానో లెక్క లేదు. దారిన పోయే ట్రాక్టరాయన ఒకడు, "తొక్కుడు రాదా అన్నా? నేర్సుకుంటున్నవా?" అని పరామర్శించి పోయాడు. చివరికి తేలింది ఏమిటంటే, అది డబ్బాలో గంగామణి వేసిన చెంచా. సర్వపిండికి చెంచా ఎందుకు వేసిందో ఆమెనే అడగాలి.

దారి పక్క ఒక కళ్లంలో పసుపు ఉడకబెడుతున్నారు. పెద్ద ఇనుప డ్రమ్ములోంచి ఆవిరి లేస్తోంది, పచ్చి కొమ్ముల వాసన ముక్కుకు పట్టేసింది. చలి కాచుకోవడానికి ఆవిరి పక్కన నిలబడితే, పనిచేసే అక్క ఒకామె ఏమీ అడగకుండానే స్టీలు గ్లాసులో చాయ్ పోసి ఇచ్చింది. మా టౌనులో తెలియనివాళ్లకు అడ్రస్ చెప్పడానికే ఆలోచిస్తాం. "సన్న సైకిల్ మీద గంత మనిషి. ఆగుతదా అది?" అని ఆమె అమాయకంగా అడిగింది. రవళి వాళ్ల అమ్మే అలా అడిగినట్టు అనిపించి, చాయ్ గబగబా తాగి లేచాను.

నవీపేట్‌లో ఆ రోజు మేకల అంగడి. ఎటు చూసినా మేకలు, వాటి మధ్య మరాఠీలో, ఉర్దూలో, మన భాషలో బేరాలు. మేక నోరు తెరిచి పళ్లు చూస్తారు, నడుం మీద చెయ్యేసి నొక్కుతారు, తర్వాతే ధర. పొట్టేలు ఒకటి పద్దెనిమిది వేలన్నారు. నేను సైకిలు పట్టుకుని నిలబడితే ముసలి బేరగాడొకడు హ్యాండిలు కొమ్ములు పట్టుకుని ఊపి, "కొమ్ములైతే మంచిగున్నయి. పళ్లేసిందా ఇది?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పడి పడి నవ్వారు. అక్కడితో ఆగక వంగి సైకిలు పైపులన్నీ మేకను చూసినట్టే నొక్కి చూసి, సరిగ్గా అతుకు మీద చెయ్యి పెట్టి, "గీడ ఏమైంది?" అన్నాడు. రంగు పూసి ఉన్నా పట్టేశాడు. "ఏంలేదు, అతుకు" అన్నాను. "అమ్మేటప్పుడు చెప్పి అమ్ము బిడ్డా" అన్నాడు. తమాషాగానే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రెంజల్ పొలాల్లో

నవీపేట్ దాటాక తుమ్మ ముల్లు గుచ్చుకుంది. నవ్వకండి, సైకిళ్ల షాపువాడు పంపు ఇంటి దగ్గర మరిచిపోయాడు. ఈ సైకిలు ట్యూబు మూతి సన్నగా ఉంటుంది, ఊళ్లో పంపులు దానికి పట్టవు. రెంజల్ దాకా నడిపించుకుంటూ పోయాను. అక్కడి పంక్చర్ షాపాయన పంక్చర్ వేసి, పాత మోటారు సైకిలు ట్యూబు మూతి కోసి, రబ్బరు చుట్టి, అరగంట కుస్తీ పట్టి గాలి ఎక్కించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "మనం మనం ఒక్కటే గదన్నా" అన్నాడు. కానీ పొద్దు వాలిపోయింది.

అడ్డదారిన పోతే తొందరగా బోధన్ చేరొచ్చని చెరుకు తోటల మధ్య బండి బాటలో పడ్డాను. రెండు పక్కలా మనిషికి రెండింతల ఎత్తు చెరుకు. గాలికి ఆకులు గరగరలాడుతుంటే ఎవరో వెనక నడుస్తున్నట్టే ఉంది. ఒక్కసారి ఎదురుగా గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న అవ్వ ప్రత్యక్షమై, "ఆగు కొడుకా! ఆగు ఆగు, ముంగటికి రాకు!" అని అరిచింది. బ్రేకులు నొక్కితే వెనక చక్రం జారి పక్కకు తిరిగింది.

"పందులకు తీగ కట్టిన్రు గీడ. పొద్దు గూకంగనే కరెంటు ఇడుస్తరు. సూడు, కనవడ్తలేదా?" 

కనబడలేదు. ఆమె వేలు చూపించిన చోట వంగి చూస్తే, బాటకు అడ్డంగా మోకాలి కింద సన్నటి తీగ. నాకూ దానికీ మధ్య మూడు గజాలు కూడా లేదు. నేను ఎక్కింది ఇనుప సైకిలు. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. "మొన్న మా బర్రె గిట్లనే పోయింది. సర్కారోళ్లు వద్దంటరు, వీళ్లు ఇనరు" అని అవ్వ తిడుతూనే ఉంది. "లెవ్వు, నా ఎనక రా. సైకిల్ కింద పెట్టకు, ఎత్తుకో" అంది.

ఎత్తుకున్నాను. భుజం మీద పెట్టుకుంటే, అడ్డంగా ఉండే పై పైపు అడుగు చదునుగా చేసి ఉన్నట్టు అప్పుడు తెలిసింది, భుజానికి ఆనడానికే అలా చేశారు. అవ్వ ముందు, నేను వెనక, గట్టు మీద అడుగులో అడుగు వేసుకుంటూ తారు రోడ్డు దాకా వచ్చాం. "మోసేటందుకేనా కొడుకా దీన్ని కొన్నది?" అని అవ్వ అడిగింది. "నాది గాదవ్వా. ఒక ఆడపిల్లది" అన్నాను. "అయితే పైలంగ ఇయ్యి" అని గడ్డిమోపు సర్దుకుని పోయింది.

బోధన్

మూతపడ్డ చక్కెర కార్ఖానా గోడ పక్క గల్లీలో హమీద్ ఉస్తాద్ ఇల్లు. కార్ఖానా నడిచిన రోజుల్లో షిఫ్టు మారేటప్పుడు ఈ గల్లీ నిండా సైకిళ్లే ఉండేవి, మాకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు ఆ గల్లీలో మోటారు సైకిళ్లు, పాన్ డబ్బాలు. ఇంకొక తేడా కూడా చెప్పాలి. బోధన్‌లో చాయ్ తాగందే మాట మొదలుపెట్టరు. మా కంఠేశ్వర్‌లో మాట అయిపోయినా చాయ్ రాదు.

ఉస్తాద్ కళ్లు పూర్తిగా పోయాయి. నల్లద్దాలు లేకుండా ఏళ్ల తరబడి మంట చూసిన కళ్లు. నా అడుగుల చప్పుడు విని, "భూమేష్ గాడేనా? లావైనవ్ రా" అన్నారు. రెండు చాయ్‌లు అయ్యాక సైకిలును ఆయన ముందు నిలబెట్టాను. బొటనవేలి గోరుతో అతుకు చుట్టూ మెల్లగా గీసి చూశారు. కోడలిని పిలిచి చెంచా తెప్పించి పైపు మీద అక్కడక్కడ కొట్టి, చెవి ఆనించి విన్నారు.

"ఇత్తడి మంచిగ పారింది. చెయ్యి తిరిగింది నీకు" అన్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే, "రంగు ఏంది?" అన్నారు.

"ఏం రంగు ఉస్తాద్?"

"అరే, మంట మీద ఉన్నప్పుడు పైపు రంగు. అతుకు నా గోరు చెప్తది, చెంచా చెప్తది. రంగు మాత్రం ఎవ్వడు సూసిండో వాడే చెప్పాలె. నువ్వే గదా సూసింది?"

చెప్పాల్సింది అప్పుడే. చూడలేదు ఉస్తాద్, ఫోన్ వైపు చూసి నవ్వుతున్నాను అనాలి. ఆయన దగ్గర నేర్చుకునే రోజుల్లో పని మీద నుంచి చూపు తిప్పితే పట్టకారుతో మోచేతి మీద కొట్టేవారు. నలభై మూడేళ్లు వచ్చినా, ఆయనకు కళ్లు లేకపోయినా, ఆ దెబ్బ భయం పోలేదు.

"దానిమ్మ గింజ రంగే ఉస్తాద్" అన్నాను.

"సచ్?"

"సచ్."

"అట్లనా" అన్నారు. పైపు చుట్టూ బొటనవేలు, చూపుడువేలు మెలేసి కొంచెంసేపు అలాగే పట్టుకుని కూర్చున్నారు.

బగారా అన్నం, దాల్చా పెట్టారు. అంత రుచిగల దాల్చా మా వైపు దొరకదు, చింతపండు పులుపులో సొరకాయ ముక్క కరిగిపోతుంది. నేను మాత్రం దాన్ని అన్నంలో కలుపుతూనే కూర్చున్నాను.

పొద్దున బయల్దేరుతుంటే ఉస్తాద్ మంచం కింద నుంచి పాత పైపుల కట్ట లాగారు. కార్ఖానా సైకిళ్లకు తెప్పించిన సరుకు, ఎప్పటిదో. ఒక్కొక్కటీ వేళ్ల మధ్య పట్టి చూసి, పక్కన పెట్టి, చివరికి ఒకటి తీసి నాకిచ్చారు. "పట్టుకపో" అన్నారు. ఎందుకు ఉస్తాద్ అంటే, "ఖాళీ చేతులతోటి పంపుతనా రా నిన్ను?" అన్నారు. వద్దంటే నొచ్చుకుంటారని సైకిలు వెనక తాడుతో కట్టుకున్నాను.

ఎడపల్లి చెరుకు

నిన్నటిదాకా అతుకు భయమొక్కటే. ఇవాళ దానికి అబద్ధం తోడైంది. పైగా ఉస్తాద్ ఇచ్చిన పైపు గజం పొడుగున వెనక్కి పొడుచుకొచ్చి, కాలువ గట్టు మీద తుప్పలకు, చెరుకాకులకు తగులుకుంటూ నరకం చూపించింది. ముసలాయన ప్రేమకు హద్దుండాలి అని గొణుక్కుంటూ తొక్కాను.

ఎడపల్లి దగ్గర ఒక తోటలో చెరుకు కోత చివరికొచ్చింది. మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు, ఆడా మగా, పొలమంతా కోసేయగా మధ్యలో ఒక చిన్న మడి మాత్రం నిలిచి ఉంది. దానికి మూడు వైపులా నిలబడి పళ్లాలు, డబ్బాలు వాయిస్తూ కేకలు పెడుతున్నారు. కోత ముగిసిందని సంబరం చేసుకుంటున్నారు పాపం, అనుకున్నాను. నాలుగో వైపు ఎవరూ లేరు, హాయిగా నీడ. సైకిలు పక్కన పడుకోబెట్టి, సర్వపిండి డబ్బా విప్పుకుని అక్కడే కూర్చున్నాను.

వాయింపు ఆగిపోయింది. అందరూ నా వైపే చూస్తూ చేతులు ఊపుతున్నారు. ఎంత మంచి మనుషులు అనుకుని నేనూ చెయ్యి ఊపాను. అప్పుడు నా వెనక చెరుకు కదిలింది. గాలికి కదిలినట్టు కాదు, కింద మొదళ్లు కదిలాయి. తల తిప్పితే నల్లటి మూతి, దాని వెనక ఇంకొకటి.

తర్వాత ఏం చేశానో నేను చెప్పలేను, నా కాళ్లే చేశాయి. సైకిలు భుజం మీదికి ఎలా వచ్చిందో తెలియదు. ఉరికాను. ఎనభై నాలుగు కిలోలు, సైకిలు, పైపు, అన్నీ కలిసి ఉరికాం. పిల్లకాలువ అడ్డొస్తే దూకాను. పైపు కొస గట్టుకు తట్టుకుని సైకిలు నా మీది నుంచి ఎగిరి అవతల బోర్లా పడింది. నేను బురదలో పడ్డాను. నా వెనక తల్లిపంది, ఐదారు పిల్లలు దడదడమని నేను కూర్చున్న చోటి మీదుగా పోయాయి. డబ్బా నుగ్గు నుగ్గు.

మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. నేను పాక్కుంటూ పోయి ముందు అతుకును తడిమాను. ఏమీ కాలేదు.

తోట ఆసామి గంగారాం ఉరికొచ్చాడు. "ఏమన్నా, కూసునేటందుకు గదే జాగ దొరికిందా నీకు? ఆఖరి మడి కోసేటప్పుడు మూడు దిక్కుల సప్పుడు చేస్తం, ఒక్క దిక్కు ఇడిసిపెడ్తం. తొవ్వ లేకుంటే అవి కొడవండ్లోళ్ల మీదికే వస్తయి. ఇడిసిన తొవ్వల నువ్ కూసున్నవ్!" అన్నాడు. మా వైపు పందులంటే తీగలు, ఉచ్చులే. ఇక్కడ వాటికి దారి వదులుతారని నాకెలా తెలుస్తుంది?

కూలీలలో నా వయసామె ఒకతె తన సంచిలోంచి పసుపు తీసి మోకాలికి అద్ది, జొన్న రొట్టెలో పచ్చిమిరపకాయల ఠేచా పెట్టి చేతిలో పెట్టింది. ఆ కారానికి కళ్లనీళ్లు కారాయి, భయానికి వచ్చినవీ అందులో కలిసిపోయాయి. ఆమె మరాఠీలో అడిగినదాన్ని గంగారాం తెలుగులో చెప్పాడు. "దెబ్బ సూసుకోక సైకిల్ ఎందుకు సూసుకున్నడు అంటుంది."

"ఒక పిల్ల తొక్కుతది దీన్ని. ఇరిగిందేమోనని" అన్నాను.

ఆమె మళ్లీ ఏదో అంది. గంగారాం నా వైపు చూసి, "ఇరగలే గదా, మరి ఇంకెందుకు వణుకుతున్నడు అంటుంది" అన్నాడు.

అవును, ఇంకా వణుకుతూనే ఉన్నాను. పందులు పోయి పావుగంటయింది. చలి లేదు. రొట్టె నములుతూ కూర్చున్నాను.

మళ్లీ కంఠేశ్వర్

షాపు ముందు సాయిలు బెంచీ మీద రవళి కూర్చుని ఉంది. నన్ను చూసి ఎగిరి గంతేసింది. "రాను పోను తొక్కినవా అన్నా? నీ అసుంటి మనిషే తొక్కినంక ఇగ నాకేం డర్!" అంది. అతుకు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత ఫోన్ నా మొహం ముందు పెట్టింది. "సాయిలన్న నాకు గూడ పంపిండు. స్టేటస్ పెట్టుకున్న. మా హాస్టల్ పిల్లలందరు అడిగిన్రు. గీ రంగు సూడన్నా, ఎంత మంచిగున్నదో!"

తప్పించుకోలేక చూశాను. నల్లద్దాలు పైకి జరిపి పళ్లికిలిస్తున్న నేను. నా వెనక పైపు ఎర్రబడింది, ఎరుపు పోయింది, సంత్ర రంగు వచ్చింది, ఇంకా వెలుగుతోంది. నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. లెక్కపెట్టాను. ఏడు సెకన్లు. ఫోన్లలో రంగులు మారతాయని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆ పిల్ల అదే రంగును చూసి మురిసిపోతోంది.

"రవళీ, తప్పయింది బిడ్డా. గా రంగు రావొద్దు" అన్నాను. అంతా చెప్పాను. ఉస్తాద్‌తో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. హాక్సా బ్లేడు తీసి, ఆమె చూస్తుండగానే అతుకుకు జానెడు కింద పైపు కోశాను, తర్వాత మెడ దగ్గర. ఆ ముక్కను వైసులో బిగించి సుత్తితో ఒక్కటి వేశాను. మంచి ఇనుమైతే వంగాలి. ఇది ఇత్తడి పక్కనే పుటుక్కుమని రెండయింది.

రవళి రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుంది. "గిది నా కింద ఇరిగేదా?"

"ఇరిగేది."

"మరి నువ్ రెండు దినాలు దీని మీదనే తిరిగినవ్ గదా! నీకేమన్న అయితే?" అని అరిచింది. తర్వాత టూల్‌బాక్సు మీద కూర్చుని ఏడ్చింది. "నా పోటీ పోయింది" అంది. ఆమె కోపంగా తిట్టినా బాగుండేది. నాకు ఏం చేయాలో తెలియక, చేతులకు పని కావాలని, సైకిలు వెనక కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాను. ఉస్తాద్ ఇచ్చిన పైపు చేతికి వచ్చింది. ఊరికే, కోసిన చోట ఆనించి చూశాను.

అదే లావు. వెంట్రుకవాసి తేడా లేదు.

అతుకు చుట్టూ వేళ్లు మెలేసి ఆయన అంతసేపు ఎందుకు కూర్చున్నారో, మంచం కింద పైపులు ఒక్కొక్కటీ ఎందుకు తడిమారో అప్పుడు తెలిసింది. నా అబద్ధం ఆయనకు అక్కడే వినిపించింది. ఒక్క మాట అనకుండా నాకు తొవ్వ వదిలారు. దారంతా నేను తిట్టుకుంటూ మోసుకొచ్చింది ఆ తొవ్వనే.

పాత పైపు మొత్తం తీసేసి ఉస్తాద్ పైపు వేయడానికి రెండు రోజులు పట్టింది. పోటీకి ఇంకా మూడు రోజులుంది. సాయిలును ఫోన్ జేబులో పెట్టుకోమన్నాను. రెండో నల్లద్దాల జత రవళికి ఇచ్చి, "మంట నేను సూస్త, రంగు నువ్ సూడు. దానిమ్మ గింజ రాంగనే ఒర్రు" అన్నాను. ఒర్రింది, సందంతా వినబడేలా. పని అయ్యాక సైకిలును భుజాన వేసుకుని చూసి, "అర కిలో బరువెక్కిందన్నా" అంది. పాత కార్ఖానా పైపు మరి. "ఎక్కితే ఎక్కనియ్యి, మోస్త" అని తనే అంది.

ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఆయన కుశలం అడగలేదు. "రంగు ఏంది?" అన్నారు. నేను ఫోన్ రవళి చేతికిచ్చాను.

"దానిమ్మ గింజ రంగు తాతా! నేనే సూసిన. కన్నార్పలే!"

ఆయన గొంతు నాకూ వినబడింది. "షాబాష్ బేటీ. నువ్ ఇప్పుడే ఎక్కకు. ముందు వాణ్ని తొక్కమను."

మర్నాడు మంచులోనే మళ్లీ నవీపేట్ తొవ్వ పట్టాను. ఈసారి నాకు పందులంటే మాత్రమే భయం వేసింది.